పప్పీ లినక్స్‌ని బళ్ళో నమ్మి పెట్టొచ్చా అని అడిగిన మేస్టారికి

మేస్టారూ, మీరు అడిగిందాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిచెయ్యండి. నరసన్నపేట దగ్గర మీ హైస్కూలుకి ఎవరో పుణ్యాత్ములు పాత కంప్యూటర్లు పన్నెండు ఇచ్చారు. పది కోర్ 2 డుయోలు, రెండు పెంటియం 4లు. ర్యామ్, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకం, ఒక్కోదాంట్లో 1 జీబీ. విండోస్ 7 ఎక్కి ఉంది, నొక్కినదానికి అది పలికేలోగా టీ తాగి రావచ్చు. మీ మేనల్లుడు పెన్‌డ్రైవులో పప్పీ లినక్స్, అంటే విండోస్ బదులు కంప్యూటరుని నడిపించే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, తెచ్చి చూపిస్తే బేగి లేచింది, మీకు నచ్చింది. హెడ్మాస్టారు మాత్రం "కుక్కపిల్ల పేరు పెట్టుకున్నదాన్ని ప్రభుత్వ బళ్ళో పెట్టేసి, రేపు ఆగిపోతే ఎవర్ని అడుగుతాం? దీని వెనకాల ఏ కంపెనీ ఉంది?" అన్నారు. దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పండి, ఆయనకి చూపించాలి అని మీరు.

కంపెనీ ఏటీ లేదండి. అది ముందే చెప్పేయడం మంచిది. అయినా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పాతికేళ్ళుగా ఈ డబ్బాలు విప్పి బిగించుకుంటున్నవాణ్ణి, నా సంచిలో స్క్రూడ్రైవరు పక్కన పప్పీ ఉన్న పెన్‌డ్రైవు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఎందుకు కట్టారో తెలిస్తే ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చెయ్యిస్తుందో తెలుస్తుంది. అందుకని కథ కొంచెం వెనక నుంచి చెప్తాను.

2003 నాటి సంగతి. విండోస్ ఎక్స్‌పీ వచ్చి రెండేళ్ళయింది. దానికి 128 ఎంబీ ర్యామ్ ఉంటే మంచిదని, కనీసం 64 ఉండాలని పెట్టె మీదే రాసేవారు, మన ఊళ్ళో చాలామంది దగ్గర ఉన్నది ఆ 64. లినక్స్ అప్పటికే ఉంది, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టాడు. పీసీక్వెస్ట్ పత్రికతో లినక్స్ సీడీలు వచ్చేవి, ఎగబడి ఎక్కించుకునేవాళ్ళం. కానీ దాని మీద తలో రకంగా కట్టిన ఆ పెద్ద లినక్స్‌లు కూడా ఏడాదికేడాది ఒళ్ళు పెంచుకుంటూ పోతున్నాయి. పాత మిషన్ ఉన్నవాడు అటూ ఇటూ కాకుండా పోయాడు.

సరిగ్గా ఈ చిరాకుతోనే ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ అనే ఆయన సొంతంగా ఒకటి కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయన కంపెనీ మనిషి కాదు, ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పిన మనిషి. అంటే మీ జాతే. 2003 జూన్ 18న 0.1 అని నంబరు వేసి బయటపెట్టారు. పేరు ఆయన పెంచుకున్న చిన్న కుక్కది, చువావా జాతి, దాని పేరే పప్పీ. హెడ్మాస్టారికి ఇది చెప్పకపోయినా ఫర్వాలేదు.

ఆయన కట్టిన తీరు దగ్గర కాస్త ఆగాలి. చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని తయారుచెయ్యడానికి రెండు దారులున్నాయి. ఒకటి బొబ్బిలి వీణ దారి. పెద్ద పనస దుంగ తెచ్చి, అక్కర్లేని చెక్కంతా తొలిచి పారెయ్యడం. రెండోది గోడ దారి, నేల మీద మొదటి ఇటుక పెట్టి, కావలసిన ఇటుక మాత్రమే పేర్చుకుంటూ రావడం. మొదటి దారిలో ఏది తియ్యాలన్నా భయమే, ఏది తీస్తే ఏది కూలుతుందో తెలీదు కాబట్టి చివరికి సగం చెక్క లోపలే ఉండిపోతుంది. బ్యారీ రెండో దారి పట్టారు. లినక్స్ లోకంలో బూట్ ఫ్లాపీ, అంటే కంప్యూటరుని లేపే ఫ్లాపీ, ఎలా తయారుచేసుకోవాలో చెప్పే ఒక పాఠం ఉండేది. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ఒకటి, దానికి తోడుగా చిన్న ఫైల్‌సిస్టమ్ ఒకటి, అంతే. అక్కడ మొదలుపెట్టి, వెక్టర్ లినక్స్ అనే మరో లినక్స్ నుంచి సరుకు తీసుకుని, ఒక్కో ఫైలూ "ఇది నిజంగా కావాలా" అని అడిగి మరీ లోపలికి రానిచ్చారు. తర్వాత్తర్వాత ఆ వెక్టర్ ఆసరా కూడా వదిలేసి సొంత కాళ్ళ మీద నిలబడింది.

వీణ దారిలో వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని తక్కువ చెయ్యను. జర్మనీలో క్లాస్ నాపర్ 2000లో నాపిక్స్ తెచ్చారు. ఒక్క సీడీలో దాదాపు 2 జీబీ సరుకుని నొక్కిపెట్టి, హార్డ్‌డిస్కుని ముట్టుకోకుండా కంప్యూటరు నడిచేలా చేశారు. ఆ నాపిక్స్‌ని తొలిచి తొలిచి జాన్ ఆండ్రూస్ అనే ఆయన డ్యామ్ స్మాల్ లినక్స్ చేశారు, 50 ఎంబీ దాటకూడదని ఒట్టు పెట్టుకుని. విజిటింగ్ కార్డు సైజు సీడీలో పట్టేది. ఆయనతో కలిసి పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్ తర్వాత విడిగా వెళ్ళి టైనీ కోర్ అని 10 ఎంబీలో కొత్త గోడ కట్టారు. ముచ్చటైన పనే, కానీ పిల్లల ల్యాబుకి అది పునాది మాత్రమే, గదులన్నీ మనమే కట్టుకోవాలి. డ్యామ్ స్మాల్ 2008 తర్వాత ఆగిపోయి, 2024లో మళ్ళీ వచ్చింది. ఈసారి పెట్టుకున్న హద్దు ఎంతో తెలుసా? ఒక సీడీ, అంటే 700 ఎంబీ. మనిషి అదే, పట్టుదల అదే, యాభై కాస్తా ఏడొందలైంది. ఎందుకో తర్వాత చెప్తాను, మీ ల్యాబుకి అసలు గండం అక్కడే ఉంది.

పప్పీ లోపలి పనితనం ఇప్పుడు చెప్తాను. అట్లాసు మీద ట్రేసింగ్ పేపరు వేసి పిల్లల చేత వంశధార, నాగావళి గీయించే ఉంటారు కదా. పెన్సిలు గీత పై కాగితం మీదే పడుతుంది, అట్లాసు మీద మరక పడదు. పై కాగితం తీసి పారేస్తే కింద అట్లాసు కొత్తదిలా ఉంటుంది. పప్పీ అంతా ఈ ఏర్పాటే. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఒక్క ఫైల్లో గట్టిగా నొక్కి మూటకట్టి ఉంటుంది, దాన్ని ఎస్‌ఎఫ్‌ఎస్ అంటారు. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతి, చదవడమే తప్ప రాయడం కుదరదు. అదే మన అట్లాసు. కంప్యూటరు లేవగానే ఆ మూటని ర్యామ్‌లోకి ఎత్తుకుంటుంది. దాని మీద ర్యామ్‌లోనే ఒక ఖాళీ పొర పరుస్తుంది, మీరు చేసే ప్రతి మార్పూ ఆ పొర మీదే పడుతుంది. రెండూ కలిపి చూపించే పని మొదట యూనియన్‌ఎఫ్‌ఎస్ చేసేది, తర్వాత ఏయూఎఫ్‌ఎస్ వచ్చింది, ఇప్పుడు కొన్నిట్లో ఓవర్‌లేఎఫ్‌ఎస్. కింది ఫైలుని చెరిపేసినా నిజానికి చెరగదు, పై కాగితం మీద ఆ చోట తెల్లరంగు పూసినట్టు ఒక గుర్తు పడుతుంది, అంతే. 2003 నాటి మొదటి పప్పీలో ఈ పొరల ఏర్పాటు లేదు, ప్రోగ్రాములు ఎక్కించుకునే దారి కూడా లేదు. 2005 మార్చిలో 1.0, 2006లో 2 వచ్చేసరికి ఒక రూపానికి వచ్చింది.

మీ మేనల్లుడు చూపించినప్పుడు బేగి లేచిందీ, నొక్కగానే పలికిందీ ఇందుకే. పాత కంప్యూటర్లో అన్నిటికంటే నెమ్మదైనది ప్రాసెసరు కాదు, లోపల గిర్రున తిరిగే హార్డ్‌డిస్కు. పప్పీ దాని జోలికే పోదు. హార్డ్‌డిస్కు పీకేసినా నడుస్తుంది. ఒకసారి ర్యామ్‌లోకి ఎక్కాక సీడీ కూడా బయటికి తీసేసి, అదే డ్రైవులో వేరే సీడీ పెట్టుకోవచ్చు. ఇంకో వింత ఉండేది, పెన్‌డ్రైవులు ఖరీదుగా ఉన్న రోజుల్లో బూటయిన సీడీ మీదే, మిగిలిన ఖాళీలో, మనం చేసుకున్న మార్పుల్ని మళ్ళీ రాసేసేది. మల్టీసెషన్ అనేవారు. అది చూసి నేను నిజంగా నోరు తెరిచాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడుకుండిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు. కాశీబుగ్గలో ఒక జెరాక్స్ షాపాయన కబురు పెడితే వెళ్ళాను. జెనరేటరు సాయంత్రం ఒక్క గంట. విండోస్ లేవడం లేదు, నష్టపరిహారం కాగితాల కోసం జనం గుమ్మంలో నిలబడి ఉన్నారు, వాళ్ళ ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్ స్కాన్లు ఆ డిస్కులోనే ఉన్నాయి. పప్పీ సీడీ పెట్టి లేపాను. విండోస్ చచ్చినా డిస్కు బతికే ఉంది, ఫోల్డర్లు కనపడ్డాయి, పెన్‌డ్రైవులోకి లాగేశాం, గంటలో పదిహేను నిమిషాలు మిగిలింది కూడా. ఆ మిగిలిన పావుగంటా ఆయన ప్రింట్లు తీసుకున్నారు.

మళ్ళీ కథలోకి. 2007 చివర్లో వచ్చిన 3, స్లాక్‌వేర్ అనే పెద్ద లినక్స్ ప్రోగ్రాములు తనమీద నడిచేలా సర్దుకుంది. 2008 మే నెలలో వచ్చిన 4 మొత్తం 100 ఎంబీ లోపే, నా లెక్కలో అన్నిటికంటే ముద్దుగా ఉన్న పప్పీ అదే. ఇప్పటికీ ఒక సీడీ దాచుకున్నాను. కానీ ఒక్క మనిషి ఎన్ని వేల ప్రోగ్రాములని తానే తయారుచేసి, తానే తాజా పరుచుకుంటూ పోగలడు? ఇక్కడే బ్యారీ చేసిన అసలు తెలివైన పని ఉంది. పప్పీని చెయ్యడం ఆపి, పప్పీని చేసే యంత్రాన్ని చేశారు. దాని పేరు వూఫ్, అంటే కుక్క మొరుగు. ఆ యంత్రంలో ఉబుంటు అనే మరో పెద్ద లినక్స్ సరుకు పోస్తే ఉబుంటు పప్పీ, స్లాక్‌వేర్ సరుకు పోస్తే స్లాక్‌వేర్ పప్పీ బయటికొస్తుంది. పిండి మారుతుంది, జంతికల గొట్టం అదే. 2010 మేలో ఉబుంటు లూసిడ్ సరుకుతో 5 వచ్చింది, లూసిడ్ పప్పీ అన్నారు.

కొత్తవాళ్ళు తికమకపడేది కూడా దీనివల్లే. ప్రిసైజ్, తార్, జీనియల్, బయోనిక్, ఫోసా, స్లాకో అని బోలెడు పప్పీలు కనిపిస్తాయి. అవన్నీ వేరువేరు సిస్టమ్‌లు కావు, ఏ పెద్ద లినక్స్ సరుకుతో కట్టారో ఆ పేరు ముందు తగిలించారు. అన్నదమ్ములే, ఇంటిపేరు వూఫ్.

2013లో బ్యారీ ఈ బాధ్యత నుంచి తప్పుకున్నారు. పదేళ్ళు మోశారు. హెడ్మాస్టారు భయపడేది సరిగ్గా ఇలాంటి రోజు గురించే కదా. ఏమైందో చూడండి. వూఫ్‌ని వాడుకునేవాళ్ళే ఎత్తుకున్నారు, వూఫ్-సీఈ అని గిట్‌హబ్ అనే వెబ్‌సైట్లో అందరి ముందూ పెట్టారు. ఆయన వెళ్ళిన తర్వాతే తార్ వచ్చింది, బయోనిక్ వచ్చింది, 2020లో ఫోసాపప్ వచ్చింది, డెబియన్ 12 అనే పెద్ద లినక్స్ సరుకుతో బుక్‌వర్మ్‌పప్ వచ్చింది. ఇటు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్లో, 7కి 2020 జనవరిలో, 10కి 2025 అక్టోబరులో, కట్టింది ఎంత పెద్ద కంపెనీ అయినా, తాజా పరచడం ఆపేశారు. కంపెనీ లేకపోవడమే పప్పీ బలం అని నేను అనను, ఫోను చేసి అడగడానికి ఒక మనిషి ఉండటం విలువైనదే. కానీ "కంపెనీ ఉంటే ఆగదు" అన్న మాట మాత్రం హెడ్మాస్టారు వెనక్కి తీసుకోవాలి. బ్యారీ కూడా ఊరుకోలేదు, ఇప్పుడు ఈజీఓఎస్ అని ఇంకోటి కట్టుకుంటున్నారు.

ఇక గండం. 100 ఎంబీ పప్పీ ఫోసా నాటికి 400 ఎంబీ ఎందుకైంది, ఆండ్రూస్ యాభై ఏడొందలు ఎందుకైంది? ఎక్కువ పాపం బ్రౌజరుదే. ఇవాళ వెబ్‌సైట్లు ఒక్కోటీ ఒక్కో ప్రోగ్రాము లాంటివి, వాటిని నడిపే బ్రౌజరు ఆపరేటింగ్ సిస్టమ్ కంటే బరువైపోయింది. పప్పీ లేచి కూర్చున్నాక మీ 1 జీబీలో ఎక్కువ భాగం ఖాళీగానే కనిపిస్తుంది. ఒక్క యూట్యూబ్ తెరిచారంటే ఆ ఖాళీ అంతా అటే. ఏ తేలిక లినక్స్ వేసినా బ్రౌజరు తేలికవదు. "పప్పీ వేస్తే పాత కంప్యూటరు కొత్తదైపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. మీకు అందులో హాయిగా నడిచేవి టైపింగు, బొమ్మలు గీసుకునే ఎంటీపెయింట్, ఉత్తరాలు రాసుకునే అబీవర్డ్, లెక్కల పట్టికలకి జీన్యూమరిక్, జియానీలో చిన్న ప్రోగ్రాములు రాయడం. సీ లాంగ్వేజి కావాలంటే కంపైలరు లోపల ఉండదు, డెవ్‌ఎక్స్ అని విడిగా ఒక ఎస్‌ఎఫ్‌ఎస్ దొరుకుతుంది, కావలసినప్పుడు తగిలించుకుని అయిపోయాక తీసెయ్యొచ్చు. ఆ విడదీయడం నాకు భలే నచ్చుతుంది.

చెయ్యిచ్చే చోటు కూడా చెప్పాలి. మార్పులన్నీ ర్యామ్‌లోని కాగితం మీదే పడతాయన్నాను కదా. కరెంటు పోతే ఆ కాగితం ఏటవుద్ది? గాలికి పోతుంది. మొదటిసారి ఆపేటప్పుడు "దాచమంటారా" అని అడుగుతుంది, సేవ్ ఫైలు చేసుకుంటే అక్కడ దాస్తుంది. పెన్‌డ్రైవు మీద నడిపితే అరిగిపోకుండా ప్రతి రాతా అందులో రాయదు, మామూలుగా అరగంటకోసారి, మళ్ళీ ఆపేటప్పుడు దాస్తుంది. రాజాంలో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇలాగే పెట్టి, ఈ ముక్క చెప్పడం మర్చిపోయాను. ఒకమ్మాయి దరఖాస్తంతా టైపు చేశాక కరెంటు పోయింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు చూడలేక నేనే కూర్చుని మళ్ళీ టైపు చేసిచ్చాను. తప్పు నాదే. గడువు ఐదు నిమిషాలకి తగ్గించుకోవచ్చు, డెస్క్‌టాప్ మీద "సేవ్" బొమ్మ ఉంటుంది, నొక్కడం పిల్లలకి అలవాటు చెయ్యండి.

రెండోది, పప్పీలో ఉన్నవాడే యజమాని. పెద్ద లినక్స్‌లలో మామూలు యూజరు వేరు, అన్ని అధికారాలూ ఉన్న రూట్ వేరు. ఇక్కడ కూర్చున్న ప్రతివాడూ రూటే. బ్యారీ వాదన ఏమిటంటే ఇది ఒక మనిషి, ఒక కంప్యూటరు, అట్లాసు ఎలాగూ చెక్కుచెదరదు అని. కొత్తవాటిలో బ్రౌజరుని మాత్రం స్పాట్ అనే తక్కువ అధికారాల యూజరు పేరుతో నడుపుతారు. నేను బ్యాంకు పనికి పప్పీ వాడను, ఆఫీసు జీతాల బిల్లులకి వాడమననూ. మీ ల్యాబుకి మాత్రం ఇదే వరం. బూట్ మెనూలో పప్పీని లేపే వరుసలో పీఫిక్స్=ర్యామ్ (pfix=ram) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో చేరిస్తే సేవ్ ఫైలుని పట్టించుకోకుండా తాజాగా లేస్తుంది. గుంటలు ఐకాన్లు పీకేసినా, సెట్టింగులు తలకిందులు చేసినా, ఆపి లేపితే మళ్ళీ పొద్దున్న ఎలా ఉందో అలాగే. పిల్లల పనిని ఎవరి పెన్‌డ్రైవులో వాళ్ళు దాచుకోవాలి, అంతే. విండోస్ తీసెయ్యక్కర్లేదు కూడా. ఫ్రూగల్ పద్ధతిలో ఎక్కిస్తే అదే డిస్కులో ఒక ఫోల్డరు, అందులో నాలుగు ఫైళ్ళు. నచ్చకపోతే ఫోల్డరు చెరిపేసి, బూట్ మెనూలో ఆ వరుస తీసెయ్యడమే.

తెలుగు సంగతి మీరు అడగలేదు కానీ ముందురోజే తగులుకుంటుంది. తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తే కంగారుపడకండి, ఫాంటు లేదని అర్థం. పోతనో, లోహిత్ తెలుగో తెచ్చి ఫాంట్ల ఫోల్డర్లో వేసి, తెరిచి ఉన్న ప్రోగ్రాముని మూసి తెరిస్తే వత్తులతో సహా సరిగ్గా వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ఎప్పట్నుంచో ఉంది, సెట్టింగుల్లో ఇండియా కింద తెలుగు ఎంచుకోవడమే. కానీ మీ బడి గుమాస్తా పాత సర్క్యులర్లు అనూ ఫాంట్లలో టైపు చేసి ఉంటే అవి యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ చదివే అక్షరాల పద్ధతి, కావు, ఇక్కడ తెరిస్తే ఇంగ్లీషు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఫైలు పాడైందని గగ్గోలు పెట్టకుండా ఆ ఒక్క మిషన్ని విండోస్‌లోనే ఉంచెయ్యండి.

మీ పన్నెండింటికీ ఒకే మందు లేదు. కోర్ 2 డుయోలు 64 బిట్‌వే, అంటే కొత్త తరం సాఫ్ట్‌వేరు నడిపేవే, ర్యామ్ 2 జీబీకి పెంచగలిగితే బుక్‌వర్మ్‌పప్ పెట్టండి. 1 జీబీతోనే ఉంచేస్తే బయోనిక్‌పప్ 32 బిట్‌ది చాలు. పెంటియం 4లు పెన్‌డ్రైవు నుంచి లేవకపోవచ్చు, సీడీ రాసుకోవాలి. వాటిని బ్రౌజరు లేకుండా టైపింగుకే కట్టెయ్యండి. 32 బిట్ లోకం మూసుకుపోతోంది, 2025లో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్‌కి విడిగా ఇన్‌స్టాలరే లేదు.

ఇంకోటి, అన్నిటికీ మూత విప్పి గుండ్రటి సెల్లు మార్చండి, సీఆర్2032 అని అడిగితే ఇస్తారు. ఆ సెల్లు చచ్చిపోతే కంప్యూటరు తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, అప్పుడు ప్రతి వెబ్‌సైటూ "సర్టిఫికెట్ సరిగా లేదు" అని తలుపేసేస్తుంది. మీరు పప్పీని తిట్టుకుంటారు. విప్పినప్పుడే ర్యామ్ స్లాట్లు ఖాళీ ఎన్ని ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. డీడీఆర్2 1 జీబీ ముక్కలు నా దగ్గర బిస్కట్ డబ్బాలో ఓ ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, పాత మిషన్లలో పీకినవి. శ్రీకాకుళం వచ్చినప్పుడు షాపుకి ఒక సీపీయూ పట్టుకొస్తే దాంట్లో వేసి చూసి, నడిచినవన్నీ తీసుకెళ్దురు గాని.